స్టీరింగ్‌లో మూడు వేళ్ల వదులు

మా అత్తకు మూత్రపిండాలు పనిచేయడం మానేసిన ఏడాదే నేను కారు తోలడం నేర్చుకున్నాను. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. అంతకుముందు మా ఇంట్లో కారు తోలేది నా భర్త ఒక్కడే. చక్కెర జబ్బు ఆయన కళ్లలోకి దిగింది. ఇక రోడ్డు మీద బండి తోలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక తాళంచెవి నా చేతికొచ్చింది. ఇచ్చేటప్పుడు ఆయన నా ముఖం వైపు చూడలేదు.

మాది ఎమ్మిగనూరు వైపు ఒక నేత ఊరు. చిన్న చీరల అంగడి ఉంది. వారానికి రెండుసార్లు అత్తను డయాలసిస్‌కు కర్నూలు తీసుకుపోవాలి. బస్సులో పోయేటప్పుడు ఎలాగో ఓర్చుకునేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం సీట్లో నిటారుగా కూర్చునే శక్తి కూడా ఉండేది కాదు. అందుకే పద్దెనిమిదేళ్ల నాటి మా చిన్న కారే మాకు దిక్కయింది.

ఉగాది దాటాక ఆ కారు స్టార్టు చేసే తాళం పట్టేసింది. నా భర్త ఇంట్లో మిక్సీ దగ్గర నుంచి అంగట్లో ఫ్యాను దాకా అన్నీ తానే విప్పి బిగించే మనిషి. మెకానిక్కును పిలుద్దామంటే వినలేదు. రెండు రోజులు స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని తాళం బాగుచేశాడు. బండి స్టార్టయింది. ఆ రోజు ఆయన చాలా సంతోషంగా అన్నం తిన్నాడు.

తర్వాత కొన్ని వారాలకు మొదలైంది. రోడ్డు తిన్నగా ఉండే చోట కారు దానంతటదే పక్కకు జరిగేది. సరిచేద్దామని స్టీరింగ్ తిప్పితే ముందు ఏమీ కాదు, ఆ తర్వాత ఒక్కసారిగా తిరిగేది. గుంతలో పడ్డప్పుడల్లా నా పాదాల దగ్గర ఎక్కడో టక్కుమనేది. ఇంటికొచ్చి చెప్పాను.

"బండికేం కాలేదు," అన్నాడు నా భర్త. "నువ్వే స్టీరింగ్‌ను ఊరికే కదిలిస్తాండావు. కొత్త చేతులకు అట్లనే ఉంటాది."

టైర్ల అంగడికి తీసుకుపోయాను. గాలి చూశారు, అలైన్‌మెంట్ చేశారు. రెండు రోజులు బాగున్నట్టనిపించింది, మళ్లీ అదే. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతే ముందు చక్రాల దగ్గర రెండు జాయింట్లు మార్చాడు. బజార్లో ఒక చుట్టు తిప్పి తెచ్చి, "పాత బండి గదా మేడమ్, ఈ మాత్రం వదులు ఉంటాది. గట్టిగా పట్టుకోండి" అన్నాడు. గట్టిగా పట్టుకున్నాను. అరచేతుల్లో బొబ్బలు లేచాయి కానీ కారు తన దారి మార్చుకోలేదు. మెల్లగా నేను కూడా వాళ్ల మాటే నమ్మడం మొదలుపెట్టాను. తప్పు నా చేతుల్లోనే ఉందేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం డయాలసిస్ ముగించుకుని వస్తున్నాం. అత్త నా పక్క సీటులో తల వాల్చి ఉంది. కోడుమూరు దాటాక ఎదురుగా లారీ వచ్చింది. నేను కొంచెం ఎడమకు తిప్పాను. కారు కదల్లేదు. ఇంకొంచెం తిప్పాను. అప్పుడు ఒక్కసారిగా తిరిగి రోడ్డు అంచుకు పోయింది. అక్కడ ఒకాయన మోపెడ్ మీద గడ్డిమోపు వేసుకుని పోతున్నాడు. మా అద్దం ఆ మోపుకు తగిలింది. మనిషి, బండి, గడ్డి అన్నీ కంకర మీద పడిపోయాయి.

దిగి పరిగెత్తాను. ఆయనకు యాభై పైనే ఉంటాయి. మోచేయి చర్మం లేచిపోయింది, మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. నేను ఏమైందని అడుగుతుంటే, "గడ్డి... గడ్డి గాలికి పోతాది సూడమ్మా" అంటున్నాడు. నలుగురు చేరారు. "ఆడోళ్లకు ఎందుకప్పా ఈ కార్లు" అని ఒకరన్నారు. ఆయన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి కోడుమూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. మణికట్టు ఎముక చిట్లిందని కట్టు కట్టారు. అంతసేపూ మా అత్త కారులోనే, చెమట పట్టిన ముఖంతో కూర్చుంది.

ఇంటికి రాగానే నా భర్త అన్న మాట ఒక్కటే. "నేను చెప్పలేదా?"

తాళంచెవి గూట్లో పెట్టేశాను. ఇక తోలనని చెప్పాను. ఆ వారం ఒకసారి బాడుగ కారులో పోయాం. రెండోసారి వస్తానన్న డ్రైవరు రాలేదు. ఆ డయాలసిస్ తప్పింది. మరుసటి రోజుకు అత్త పాదాలు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని విసురుతుంటే, తను నా చేయి పట్టుకుంది.

"మే, ఆ పొద్దు నీ చేతులు నేను సూస్తానే ఉండాను. నువ్వు తిప్పినావు, బండి తిరగలేదు. దాని తర్వాత తిరిగింది."

నేను ఆమె వైపే చూశాను.

"యాబై ఏండ్లు మగ్గం గుంతలో కూసున్నాను. కాళ్ల కింద కట్టె తొక్కితే పైన దారాలు లేయల్ల. తొక్కినాక ఆలీసంగా లేచినాయంటే మద్దెలో యాడో ముడి వదులైనట్టు. నేసేదాని తప్పు కాదు అది. యాడ వదులైందో సూడు పో."

ఇన్ని నెలల్లో నన్ను నమ్మిన మొదటి మనిషి ఆమె. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చునే సమయం లేదు. ఫోన్‌లో వెతికి, స్టీరింగ్ వదులును ఎలా పరీక్షించాలో చూపించే వీడియోలు నాలుగైదు చూశాను. అందరూ చెప్పేది ఒకటే. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను కొంచెం కొంచెంగా అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కో జాయింటునూ చూసుకుంటూ పైకి రావాలి. కదలిక ఎక్కడ ఆగిపోతే వదులు అక్కడే.

తెల్లారి నా భర్త అంగడి తెరవడానికి పోయాడు. లోపల కూర్చోవడానికి ఇంకెవరూ లేరు. "నేను కూసుంటా పద" అంది అత్త. పట్టుకుని తీసుకొచ్చి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. ఆమె ఎడమ చేతికి డయాలసిస్ సూదులు గుచ్చే నరం ఉబ్బి ఉంటుంది, దాంతో బలం పెట్టకూడదు. కుడి చేతినొక్కదాన్నే స్టీరింగ్ మీద వేసింది. డెబ్బై ఏళ్లలో ఆమె స్టీరింగ్ ముట్టుకోవడం అదే మొదటిసారి.

నేను పాత దుప్పటి పరిచి ముందు చక్రం దగ్గర పడుకున్నాను. చక్రానికీ మధ్యలోని స్టీరింగ్ పెట్టెకూ నడుమ బొటనవేలంత లావు రాడ్డు కనిపిస్తోంది.

"ఆడించు అత్తా."

"ఆడిస్తాండా."

రాడ్డు కదల్లేదు. "ఆడిస్తాండావా?"

"ఆడిస్తానే ఉండా మే! మూడు వేళ్లంత పోయి వస్తాంది."

స్టీరింగ్ మూడు వేళ్ల మేర తిరుగుతోంది, కింద రాడ్డుకు ఆ సంగతే తెలియదు. అంటే వదులు చక్రాల దగ్గర లేదు. మెకానిక్కు మార్చిన జాయింట్లకు దీనితో ఏ సంబంధమూ లేదు. లేచి వచ్చి అత్త కాళ్ల పక్కన తల దూర్చాను. స్టీరింగ్ నుంచి దిగే ఇనుప కమ్మీ బ్రేకు పెడల్ పక్కగా నేలలోకి పోతుంది. అక్కడ దానికి రబ్బరు తొడుగు ఉంది. తొడుగు పైకి లాగి, ఫోన్ లైటు వేసి, లోపల చేయి పెట్టాను. పై కమ్మీ, కింది కమ్మీ కలిసే చోట ఇనుప పట్టీ, దానికొక బోల్టు.

"ఇప్పుడు ఆడించు."

పై కమ్మీ నా వేళ్ల కింద తిరిగింది. కిందిది కదల్లేదు. తర్వాత టక్కుమని అది కూడా తిరిగింది. ఇన్నాళ్లూ నా పాదాల దగ్గర విన్న చప్పుడు అదే. బోల్టు మీద వేలు పెడితే దానంతటదే తిరిగింది. నట్టు చివరి మరల మీద వేలాడుతోంది. ఇంకో పది రోజులు అలాగే తోలి ఉంటే ఏదో ఒక గుంత దగ్గర పై కమ్మీ ఊడిపోయేది. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉండేది, కారు మాత్రం దాని దారిన అది పోయేది. కాసేపు అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

"దొరికిందా?" అంది అత్త.

"దొరికింది."

"నీ తప్పు కాదు గదా?"

నేను ఫోన్ లైటు ఆపాను. ఆ బోల్టు ఎవరు విప్పి ఉంటారో అప్పటికే నాకు అర్థమైంది.

మధ్యాహ్నం నా భర్త భోజనానికి వచ్చినప్పుడు కారు దగ్గరికి తీసుకుపోయి, ఆయన చేయి పట్టుకుని ఆ బోల్టు మీద పెట్టాను. తడుముకుని చూశాడు.

"తాళం బాగు చేసినప్పుడు ఇది నేనే ఇప్పినా," అన్నాడు. "మళ్లీ బిగించినా అనుకున్నా."

"అనుకున్నావా, బిగించినావా?"

"కనపడలేదు. తడుముకుని పెట్టినా. ఎవరినన్నా పిలుద్దామంటే..." అని ఆగిపోయాడు.

ఆయన మీద అరవాలని ఎంతో అనిపించింది. తప్పు నాది కాదని తేలినందుకు లోపల ఒక తేలిక కూడా కలిగింది. అప్పుడే కంకర మీద కూర్చున్న ఆ మోపెడ్ మనిషి గుర్తొచ్చి, ఆ తేలికకు సిగ్గుపడ్డాను. మెకానిక్కు ఇంటికే వచ్చి, మరలు అరిగిపోయిన ఆ జాయింటు మార్చి బిగించాడు. అత్తను వెంటనే కర్నూలు తీసుకుపోయాను. దారిలో నా వేలు కదిలితే కారు కదిలింది.

ఆ ఆదివారం ఇద్దరం కోడుమూరు పక్క పల్లెకు, ఆ మోపెడ్ ఆయన ఇంటికి పోయాం. చేతికి ఇంకా కట్టు ఉంది. ఆయన భార్య మంచం వాల్చింది. నా భర్త కూర్చోకుండానే చెప్పాడు. "తప్పు నాదప్పా. బోల్టు నేను సరిగ్గా బిగించలేదు. ఈమెది ఏం లేదు."

ఆ మోపెడ్ ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"బోల్టు సంగతి నాకేం తెలుస్తాదప్పా. తోలేది ఆయమ్మ." నా వైపు తిరిగాడు. "ముందే వదులుగా ఉండాదని నీకు తెలుసునా లేదా?"

"తెలుసు," అన్నాను.

"తెలిసీ తోలినావు గదా."

ఆ మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మా అత్త సంగతి చెప్పాను, వేరే దారి లేదన్నాను. ఆయన తల ఊపాడు, కానీ నేను చెప్పింది సరైన జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన చేయి బాగయ్యే దాకా మేం చేయగలిగింది చేశాం. దాంతో అది తీరిపోయిందని నేను అనుకోను.

తిరిగి వచ్చేటప్పుడు నా భర్తను అడిగాను. "నీకు ఎంత కనపడుతుంది? నిజం చెప్పు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తర్వాతి వారం అత్తను డయాలసిస్‌లో పడుకోబెట్టి ఆయన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఒక కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమన్నారు. ఆయన చాలాసేపు అటు చూశాడు.

"పైన పెద్ద అక్షరం ఉండాదని తెలుస్తాంది. అది ఏందో తెలీదు."

"ఎప్పటి నుంచి ఇట్లుంది?"

"ఏడాదైంటాది."

ఏడాది. అంగట్లో ఎవరైనా చీర రంగు అడిగితే, "ఎండలోకి పోయి సూసుకోండమ్మా" అని వాకిట్లోకి పంపేవాడు. అది వ్యాపారం తెలిసిన మనిషి నేర్పు అనుకుని మురిసిపోయేదాన్ని. పక్కనే పడుకునే మనిషికి చూపు ఇంతగా పోయిన సంగతి నాకు తెలియలేదు. తెలియనివ్వకుండా ఆయన ఎంత కష్టపడి ఉంటాడో ఆ గదిలో కూర్చుని లెక్కవేసుకుంటుంటే, నా కోపం ఎటు పోవాలో తెలియక నాలోనే ఉండిపోయింది.

కంట్లో సూదులు వేస్తున్నారు. కుడి కన్ను కొంచెం నిలిచింది. ఎడమది రాదని చెప్పారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు ముగ్గురం కలిసి పోతున్నాం, అత్త ముందు సీట్లో, ఆయన వెనక. గుంత వస్తే అత్త ముందే చెబుతుంది. ఆయన ఏమీ మాట్లాడడు. ఒక్కోసారి మాత్రం, "ఇప్పుడు యాడున్నాం?" అని అడుగుతాడు. నేను ఊరి పేరు చెబుతాను.