హుండీలో పడిన పెళ్ళి

పాట వినాలంటే ముందు దాన్ని చిప్పులో ఎక్కించుకోవలసిన రోజులవి. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు కానీ, అప్పట్లో మదనపల్లె బస్టాండు చుట్టుపక్కల ప్రతి సెల్‌ఫోను కొట్టు ముందూ జనం చిప్పులు చేతబట్టుకుని నిలబడేవాళ్ళు. బొటనవేలి గోరంత ఉండే ఆ నల్లటి మెమొరీ కార్డును మా వైపు ఎవరూ పూర్తి పేరుతో పిలవలేదు. చిప్పు అంటే చిప్పే. మార్కెట్టుకు టమోటాలు తెచ్చిన రైతు బండి దించేలోగా వచ్చి, "కొత్త పాటలు నిండుగా కొట్టప్పా" అని చిప్పు ఇచ్చిపోయేవాడు. దాన్ని చూస్తే నాకు పూనకం వచ్చేది. రేపో మాపో లోకంలో ఉన్నదంతా ఇందులో దూరిపోతుందని, బీరువా నిండా ఉన్నదాన్ని చొక్కా జేబులో వేసుకుని తిరుగుతామని దొరికినవాడికల్లా జోస్యం చెప్పేవాణ్ణి. (జోస్యం అక్షరాలా ఫలించింది. చెప్పినవాణ్ణి మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.)

అప్పుడే నేను పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన దగ్గర పనికి కుదిరాను. ఊరందరికీ ఆయన క్యాసెట్టు మామ. తీసిన ప్రతి పెళ్ళినీ టేపు క్యాసెట్టులో ఉంచి, దానికి కుంకుమబొట్టు పెట్టి, ఇనప బీరువాలో దాచేవాడు. నేను చిప్పు కెమెరా కొనమని పోరుపెడితే ఆయన ఒకటే మాట. "చేతికి బరువు తగలాలప్పా. పెండ్లి తీసినామని ఇంత గింజ చేతిలో పెడితే, ఏంరా బొట్టుబిళ్ల ఇస్తాండావా అని తంతారు." నేను ఊరుకునే రకం కాదు. "మామా, బరువు గాడిదకు కావాలి, మనకెందుకు?" అనేశాను ఒకసారి. ఆ రోజు నాకు టీ రాలేదు. అయినా చెవిలో జోరీగలాగా రొద పెట్టి పెట్టి, చివరికి కొత్త కెమెరా కొనిపించాను. దాంతో మేం తీసిన మొట్టమొదటి పెళ్ళి పుంగనూరులో.

ఆ పెళ్ళిలో పెళ్ళికూతురి అవ్వ ఒకామె ఉండేది. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం మేళాన్ని మించేది. ముహూర్తం దగ్గరపడేసరికి అందరూ మండపం చుట్టూ చేరితే, ఈమె మాత్రం విడిదిగదిలో నగలపెట్టె పక్కన కదలకుండా కూర్చుంది. "రా అవ్వా, తాళి కట్టే టైమయ్యింది" అంటే, "పెట్టె కాడ ఎవురో ఒకరు ఉండాల గదప్పా" అంది. అసలు సంగతి పెట్టె కాదు. భర్త పోయిన మనిషి తాళి కట్టే వేళ ఎదురుగా ఉండకూడదని ఆమెతో ఎవరూ అనలేదు, ఆమే అనుకుంది. మనవరాలిని చిన్నప్పటి నుంచి పెంచిన చేతులవి. నాకు మనసు కలుక్కుమంది. వెంటనే (ఆ వయసులో మాట ఇవ్వడానికి ఆలోచన అడ్డొచ్చేది కాదు) "అవ్వా, నువ్వు ఈడే ఉండు. మొత్తం తీస్తాండాను. రేపు మీ ఇంటికే తెచ్చి, ముందు వరసలో కూర్చున్నట్టు సూపిస్తా" అన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "తాళి కట్టేది ఒక్కటి సూపిస్తే సాలు నాయనా" అంది.

తాళి కట్టడం, తలంబ్రాలు అన్నీ బ్రహ్మాండంగా తీశాను. తలంబ్రాలయ్యేసరికి చిప్పు నిండింది. దాన్ని తీసి ఇంకోటి పెట్టాను. మామ నా చెవి దగ్గర నోరు పెట్టి, "జేబులో వేసుకోవాకు. నువ్వు కోతి మాదిరి ఎగరతాండావు, యాడో రాలిపోతాది" అన్నాడు. న్యాయమే. ఇంత పెళ్ళింట్లో భద్రమైన చోటంటే నగలపెట్టె, నమ్మకమైన మనిషంటే అవ్వ. పరుగున పోయి ఆమె చేతిలో పెట్టాను. అవ్వ దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. "పెండ్లంతా ఇందులో ఉండాదా?" "అంతా ఉండాది అవ్వా." "మేళం గూడానా?" "మేళం, మంత్రాలు, నీ మనవరాలి దగ్గు గూడా." ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. పసుపు గుడ్డ ముక్కలో నాలుగు అక్షింతలతో పాటు మూటగట్టి, గట్టిగా ముడివేసి పెట్టెలో పెట్టింది. విలువైనది ఏదైనా మా వైపు పెద్దవాళ్ళు పసుపు గుడ్డలోనే కడతారు. నేను నిశ్చింతగా భోజనాల బంతి తీయడానికి పోయాను.

నాకు తెలియనిది ఏమిటంటే, అదే పెట్టెలో అలాంటిదే ఇంకో మూట ఉంది. మనవరాలికి పెళ్ళి కుదిరితే తన పుట్టినూరి అమ్మవారికి ఇచ్చుకుంటానని మొక్కి, అవ్వ రూపాయి బిళ్లతో కట్టిన ముడుపు అది. ఆ ఊరు కుప్పం పక్కన. మనవరాలి అత్తగారిల్లూ కుప్పంలోనే కాబట్టి, పెళ్ళికూతురు గడప తొక్కకముందే మొక్కు తీరాలని, భోజనాలు కాగానే కొత్త జంటను వెంటబెట్టుకుని వ్యానులో నేరుగా గుడికి పోయింది. హుండీలో ముడుపు వేసి, దండం పెట్టి, సాయంత్రానికి పుంగనూరు చేరింది.

మర్నాడు మదనపల్లెలో ఇంజినీరింగు చదివే స్నేహితుడి దగ్గర ల్యాప్‌టాపు అడిగి తీసుకుని, మామతో కలిసి దర్జాగా అవ్వ ఇంటికి పోయాను. మాట నిలబెట్టుకునే మొగవాడి నడక ఎలా ఉంటుందో అలా నడిచాను. అవ్వ చాప వేసి, పసుపు మూట తెచ్చి, నా ఎదుటే ముడి విప్పింది. రూపాయి బిళ్ల దొర్లుకుంటూ పోయి మంచం కింద పడింది.

మామ నన్ను వాకిట్లోకి లాక్కుపోయి, అవ్వకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు. "ఒరే, హుండీ కంత ఎంతుంటాది?" నేను వేళ్ళతో చూపించాను. "అందులో క్యాసెట్టు దూరుతాదా?" నేను తల దించుకున్నాను. "దూరదు గదా! నా క్యాసెట్టయితే అమ్మవారు గూడా మింగలేదు కదరా!" చిన్నదవడమే దాని గొప్ప అని ఇన్నాళ్ళూ నేను చేసిన ప్రసంగాలన్నీ ఆ వాకిట్లో నా ముందు వరసగా నిలబడ్డాయి.

లోపల అవ్వ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "నేను సూడాలనుకున్నెదాన్ని నా సేత్తోనే పారేస్తినే" అని గోడవైపు తిరిగి కూర్చుంది. పెళ్ళికూతురి నాన్న ఏమంటాడో, మామ నన్ను పనిలో ఉంచుతాడో లేదో అన్న భయాలు అప్పటిదాకా ఉన్నాయి కానీ, ఆ వీపు చూశాక అవన్నీ చిన్నవైపోయాయి. "అవ్వా, పోదాం పద. హుండీలో ఉండేది యాడికీ పోదు" అన్నాను, ఎక్కడ లేని ధీమాతో. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి లేచి, చెప్పులు వేసుకుంది. "గుడిపెద్ద నాకు తమ్ముని వరస. వాడి ముక్కు తుడిసినదాన్ని. సూద్దాం" అంది. మామ కెమెరా, నేను ల్యాప్‌టాపు చంకన పెట్టుకుని, పలమనేరు మీదుగా ముగ్గురం కుప్పం బస్సెక్కాం.

గుడిపెద్ద మీసాలాయన. ముక్కు తుడిపించుకున్న ఛాయలేవీ కనబడలేదు. విషయం విని రచ్చబండ మీద కూర్చున్న నలుగురినీ పిలిచాడు. "అక్కా, హుండీ అంటే అమ్మ కడుపు. కడుపులో పడిందాన్ని కక్కమంటే ఎట్ల?" అన్నాడు. పక్కనున్న ముసలాయనకు ఇంకో అనుమానం వచ్చింది. "ఇంతకూ అందులో ఏముండాది?" పెళ్ళి ఉందని నేను చెప్పాను. "అంటే పెండ్లికొడుకు, పెండ్లికూతురు, పురోహితుడు, అందరూ ఇప్పుడు మన హుండీలో ఉండారా?" "ఉండారు." "అట్లయితే మంచిదే గదప్పా, అమ్మ కాడే ఉండనీ. ఇంక వాళ్ళకు ఏ కష్టమూ రాదు." అందరూ తలలూపారు. నేను చిప్పు గురించి, దాని సామర్థ్యం గురించి, రాబోయే కాలం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. మామ నా కాలు తొక్కాడు.

అవ్వే లేచింది. "తమ్ముడా, ముడుపంటే మొక్కిందే గదా? నేను మొక్కింది రూపాయి. మొక్కనిదాన్ని అమ్మ యాల తింటాది? తన రూపాయి తనకు రాలేదని అమ్మే నన్ను అడగతాది, ఏం సెప్పేది?" రచ్చ మీద చాలాసేపు మాటలు నడిచాయి. చివరికి గుడిపెద్ద మీసం సవరించుకుని తీర్పు చెప్పాడు. "హుండీలో పడిన చిప్పు అమ్మది. దాన్ని ఇచ్చేది లేదు. లోపలుండే బొమ్మలు మాత్రం మీవి. ఈడనే, అమ్మ ఎదురుగా, బొమ్మలు దించుకోండి. చిప్పు, రూపాయి రెండూ మళ్ళా హుండీలో ఏసేయండి." వస్తువు వేరు, అందులో ఉన్నది వేరు అని అంత తేటగా నాకు ఆ తర్వాత కూడా ఎవరూ చెప్పలేదు.

హుండీ తెరిస్తే బోలెడన్ని పసుపు మూటలు. అన్నీ ఒకేలాగున్నాయి. ఇతరుల మొక్కులు విప్పకూడదు. ఏది మనదో తెలియక నేను మూటలు లెక్కపెడుతుంటే, మామ ముందుకొచ్చి తన జీవితసారం వినిపించాడు. "బరువు లేనిదాన్ని వెతకండప్పా." అవ్వ ఒక్కో మూటా అరచేతిలో ఎత్తి ఎత్తి చూసి, ఒకటి నా చేతిలో పెట్టింది. విప్పితే పసుపులో పొర్లి, పెళ్ళికూతురిలాగే ఉంది మా చిప్పు.

చిప్పును కార్డు రీడరులో పెట్టి ల్యాప్‌టాపుకు తగిలించాను. ల్యాప్‌టాపు గుర్తుపట్టలేదు. తీసి తుడిచి పెట్టాను. గుర్తుపట్టలేదు. రచ్చమీద ముసలాయన "అమ్మకు ఇష్టం లేదు" అన్నాడు. అవ్వ నా వైపు కాకుండా గర్భగుడి వైపు చూస్తూ నిలబడింది. మూడోసారి, చొక్కా అంచుతో పసుపంతా పోయేదాకా రుద్ది పెడితే, తెరమీద నాదస్వరం మోగింది. (చిప్పులు గొప్పవని నేను ఊరికే అనలేదు.)

ఈలోగా కబురందుకుని కొత్త జంట మోటారుసైకిలు మీద వచ్చింది. ఊరు ఊరంతా మూగింది. ల్యాప్‌టాపు ఎక్కడ పెట్టాలో తెలియక నేనే ఒళ్ళో పెట్టుకుని, తెర జనం వైపు తిప్పి, గర్భగుడి మెట్టు మీద కూర్చున్నాను. తాళి కట్టే ఘట్టం వస్తోంది. చూస్తే అవ్వ ముందు లేదు. అలవాటు ప్రకారం వెనక్కి వెనక్కి జరిగి, స్తంభం చాటుకు చేరింది. పెళ్ళికూతురు జనాన్ని తోసుకుని పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడన్నా ముందుకు రావ్వా. అమ్మే పిలిపించింది గదా" అని తెచ్చి, సరిగ్గా తెరముందు నిలబెట్టింది. గట్టిమేళం మోగింది. అవ్వ పూజారి పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసుకుని, తెరమీదికి విసిరింది. విసిరి, నోరు తెరిచి చిన్నపిల్లలాగా ఏడ్చింది. ఊరంతా వేసింది అక్షింతలు. కొత్త జంట తెర పక్కన తలలు వంచుకుని నిలబడింది. మామ కెమెరా మర్చిపోయి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అంతా అయ్యాక బొమ్మలు దించుకుని, తీర్పు ప్రకారం చిప్పునూ రూపాయినీ హుండీలో వేసేశాం. ఆ ల్యాప్‌టాపులో ఆ తర్వాత కొన్ని అక్షరాలు ఎంత నొక్కినా పడలేదు. స్నేహితుడు తలకిందులు చేసి తడితే బియ్యం రాలాయట.

ఇప్పుడు మదనపల్లెలో నాకు సొంత స్టూడియో ఉంది. హార్స్లీ హిల్స్ మీద పెళ్ళికి ముందే పెళ్ళి తీస్తున్నాం. అప్పట్లో ఒక పెళ్ళికే నిండిపోయిన ఆ గోరంత చిప్పులో ఇప్పుడు వీధి వీధంతా పెళ్ళిళ్ళు చేసుకున్నా ఇంకా చోటుంటుంది. రేపు నువ్వుగింజంత దాంట్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళ పెళ్ళిళ్ళూ పడతాయని ఈరోజుకీ ధీమాగా చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. అవ్వ ఇప్పుడు లేదు. ఆమెకు మాత్రం ఆ చిన్న చిప్పు చాలింది. ఆ రోజు ఆమె విసిరిన అక్షింతల్లో సగం నా నెత్తిన పడితే, పరాయివాడి ల్యాప్‌టాపు పాడవుతుందన్న కంగారులో గబగబా దులిపేసుకున్నాను. ఇప్పుడైతే దులపను. (దులపడానికి నెత్తిమీద జుట్టు కూడా లేదనుకోండి.)