జములమ్మ దిద్దిన ముక్కులు

గద్వాలలో మా వీధి ముక్కులన్నీ తన చేతిపనేనని జములమ్మ నమ్మకం. పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. నలుగు పెట్టి, నూనె వేలితో ముక్కు పైకి లాగి, నుదురు చదును చేసి, సాంబ్రాణి పొగ పట్టి తల్లికి అప్పగించేది. నా ముక్కూ ఆమె దిద్దిందే. అద్దం చూసుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ మాట ఆమె ముఖం మీద అనే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు.

ఆమెకు గొప్ప పేరు తెచ్చినవాడు వెంకటన్న కొడుకు భానుప్రకాశ్. వెంకటన్న ఏ గుమ్మం దాటాలన్నా ముందు ఆయన ముక్కు దాటాలి, అంత పొడుగు. అలాంటి తండ్రి కొడుక్కి కోటేరు వేసినట్టు సన్నటి ముక్కు! బాలింత ఉన్న ఏ ఇంటికి పిలిచినా జములమ్మ వాణ్ని వెంటబెట్టుకుపోయి చూపించేది.

వాడికి పద్నాలుగు నిండేసరికి కథ అడ్డం తిరిగింది. ముక్కు సాగింది, నడుమ ఎత్తు లేచింది, కనుబొమల దగ్గర నుదురు ముందుకొచ్చింది. తండ్రీ కొడుకూ ఒకే ముక్కుతో బండి మీద పోతుంటే వీధంతా నవ్వింది. అప్పుడే వాడి అక్క కవిత కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

"అవ్వా, నా బిడ్డకు నువ్వే నీళ్లు పొయ్యాలె. గానీ ముక్కు ముట్టొద్దు" అంది.

జములమ్మకు తల కొట్టేసినట్టయింది. ముక్కు దిద్దకపోతే ఆమె వట్టి నీళ్లు పోసే మనిషి. ఆ పనికి ఎవరైనా సరిపోతారు.

భానుప్రకాశ్‌కు జలుబు, తలనొప్పి తగ్గకపోతే వెంకటన్న వాణ్ని వనపర్తి దవాఖానకు బయల్దేరదీశాడు. జములమ్మ కూడా బస్సెక్కింది.

"ముక్కు నాది. బోర్లపడి ఫోన్ సూసి సూసి కరాబ్ చేసిండు. డాక్టరమ్మతోనే చెప్పిస్త" అంది.

ఇలాంటిది నేను వదులుకుంటానా? నేనూ ఎక్కాను.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూపించింది. "ఈ నల్లగా ఉన్నవన్నీ గాలి గదులు. పుట్టినప్పుడు నుదుట్లో ఈ గది లేనే లేదు. బుగ్గల్లోవి మరీ చిన్నవి. ఏటికేడు పెరిగి, పద్దెనిమిది దాకా పెద్దవవుతూనే ఉంటాయి. మెదడు కింద పీటలా ఉండే ఎముక కూడా పెరిగి ముఖాన్ని ముందుకు నెడుతుంది. ముక్కు అసలు రూపం అప్పుడే తేలుతుంది. జలుబుకు మందు రాస్తాను, ముక్కుకు మాత్రం మందు లేదు."

"మరి నేను ఒత్తింది?"

"వేలు తీయగానే దాని దారి దానిదేనమ్మా. గట్టిగా ఒత్తితే బిడ్డకు నొప్పి."

తిరుగు బస్సులో జములమ్మ తండ్రి ముక్కునూ కొడుకు ముక్కునూ మార్చి మార్చి చూసింది.

"ఇన్నేండ్లు నీ ముక్కుతోటి కొట్లాడిన గద వెంకటన్నా" అంది.

వెంకటన్న మీసం దువ్వుకున్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆమె కళ్లలో నీళ్లు చూసి ఊరుకున్నాను. మొదటిసారి ఆమె మీద జాలేసింది.

కవితకు ఆడపిల్ల పుట్టింది. నీళ్లు పోసే రోజు జములమ్మ వెనకాలే నేనూ గదిలోకి వెళ్లాను. కవిత గోడవైపు తిరిగి కూర్చుని, వేలికి నూనె రాసుకుని, బిడ్డ ముక్కు పట్టి లాగుతోంది. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది.

"చెయ్యి తియ్యే! లోపల గదులే లెవ్వు, ఏం దిద్దుతున్నవ్?" అని జములమ్మ కేకేసింది.

కవిత దొరికిపోయి బిక్కముఖం వేసింది. "మా నాయన ముక్కొచ్చేటట్టున్నది అవ్వా. నీ చెయ్యితోటి జరంత దిద్దు."

జములమ్మ బిడ్డను కాళ్ల మీద వేసుకుంది. వేలు అలవాటుగా ముక్కు దాకా వెళ్లి ఆగింది.

"దిద్ద. గదులు లేవాలె, పీట పెరగాలె. గదంత అయ్యేదాకా నేనుంటనా? ముక్కు బాగలేదని అప్పుడు నన్ను తిట్టుకుందామన్నా దొరక."

గోరువెచ్చటి నీళ్లు చెంబుతో మెల్లగా పోసింది. బిడ్డ ఏడుపు ఆపి, ఆమె కాళ్ల మీదే కళ్లు మూసుకుంది.

జములమ్మ కవిత వైపు చూసి అంది: "సూసినవా? వట్టి నీళ్లు పోసుడు గూడ అందరికి రాదు."