రవిక తిరగేస్తే

కలరా ఉండల వాసన తగిలితే చాలు, ఇక్కడెవరో ఏదో దాచారని నాకు అనుమానం పుడుతుంది. రాస్తున్నావా మేఘనా? మొన్న ప్లెయిన్స్‌బరో నుంచి కార్లో తీసుకెళ్లావే, ఒకప్పుడు ఓడల్లో ఈ దేశానికి వలసొచ్చిన డచ్చివాళ్లది, ఇప్పుడు మ్యూజియం చేసిన పాత ఇల్లు, అక్కడా అదే వాసన. తాడు కట్టిన మూలలో నిలువెత్తు బొమ్మ. తలకి లేసు టోపీ, చెవుల పక్కన బంగారు రేకులు, మెడలో పగడాలు, నడుముకి నల్ల ఏప్రన్, ఒంటికి ఎర్రపువ్వుల రవిక. రేకులు బంగారమైతే కలవారి ఇల్లాలు, ఇత్తడైతే లేనివారి ఇల్లాలని అక్కడి పెద్దావిడ చెబుతోంది. నేను పువ్వునే చూస్తున్నాను. ఆ పువ్వు నేనెరుగుదును.

పెడనలో మా నాన్న అద్దకం పనిచేసేవాడు. ఎండాకాలమంతా కరక్కాయ రసంలో, గేదెపాలలో నానిన బట్టల వాసన పెరట్లోంచి మా ఆవకాయ అన్నంలోకి కూడా వచ్చేది. పిల్లలం రంగు కడిగిన ఎర్రనీళ్లలో పాదాలు ముంచి పారాణి అనుకుంటూ, ఆరేసిన బట్టల మధ్య దాగుడుమూతలు ఆడుతూ తిట్లు తినేవాళ్లం. నాన్న దగ్గర తాతల నాటి చెక్క అచ్చు ఒకటుండేది. అందులో పువ్వు మా ఊళ్లో ఏ చెట్టుకీ పూయదు. "ఓడలెక్కి పోయి దొరసానుల ఒంటి మీదికెక్కిన పువ్వమ్మా ఇది" అనేవాడు. అమ్మకి పట్టుచీర కొనలేక అల్లిన కబురని నా అనుమానం.

ఆ అచ్చుతోనే అమ్మకో చీర అద్దాడు. దమయంతి పెద్దమ్మ కూతురి పెళ్లికి అమ్మ అదే కట్టింది. గుమ్మంలో పన్నీరు చల్లుతున్న పెద్దమ్మ అందరి ముందూ అమ్మ పైటచెంగు పట్టుకుని తిరగేసి చూసింది.

"పెళ్లిక్కూడా అద్దకమేనటే సీతా? ముందు చాపల మీద వియ్యాలవారు కూర్చుంటారు గానీ, నువ్వలా వంటల దగ్గర చూడు."

బూరెల వాసనలో, పొగలో, అమ్మ గుమ్మడికాయ ముక్కలు తరుగుతూనే ఉంది. దొరసానులు మెచ్చిన పువ్వుకి ఇదా మర్యాద? నాన్న అబద్ధాలకోరని నేనారోజే తేల్చేసుకున్నాను.

అందుకే మొన్న తాడు దాటి రవిక అంచు పట్టుకున్నాను. అసలైన అద్దకమైతే రంగు బట్ట వెనక్కీ దిగాలి కదా.

"అమ్మమ్మా! డోంట్ టచ్! పరువు తీస్తున్నావ్!"

"నీ పరువుకేం కాదులే. మా నాన్న మాట తేలాలి."

నువ్వు ఇంగ్లీషులో సర్ది చెప్పాక ఆ పెద్దావిడ గ్లోవ్స్ వేసుకుని తనే అంచు మడిచింది. ఈ బట్ట మీ సముద్రతీరం నుంచే ఓడల్లో వచ్చిందంది. పువ్వు వెనక్కి దిగింది. కానీ నేను ఇంకా వంగి చూశాను. ఏప్రన్ కప్పే చోట పువ్వుల్లేవు, ముతక తెల్లగుడ్డ అతుకులు! ఖరీదైన బట్ట కదా, కనబడని చోట ఇలా సరిపెట్టేవారట.

"అయితే ఈవిడ గుమ్మంలోనూ ఓ పెద్దమ్మ ఉండే ఉంటుందే" అన్నాను. నువ్వు నవ్వావు. నాకు నవ్వు రాలేదు.

నాన్న చెక్క అచ్చు ఏమైందో తెలీదు. రంగు కడిగే మడుగు పూడ్చేశారు. నాన్న ఉండగా ఒక్కసారీ ఆయన మాట నమ్మలేదు. అమ్మ చీర మా తమ్ముళ్లకి ఉయ్యాలై, చిరిగి, పాతగుడ్డల్లో కలిసిపోయింది. చిరిగే దాకా మాత్రం ఎటు తిప్పినా అదే పువ్వు, ఎక్కడా అతుకు లేదు.