నిద్రపుచ్చిన లెక్కలో బావ

మొన్న ముసురు పట్టిన సాయంత్రం మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, ఇదేదో పాత ప్రోగ్రామింగ్ భాషట నాన్నా, గుర్తులు చూడు జిలేబీలు చుట్టినట్టున్నాయి అని నవ్వుతూ చూపించింది. ఇంట్లో నవ్వించే ఉద్యోగం నాది కాబట్టి నేనే ఇంకో మాట కలపాలి. కానీ ఆ జిలేబీల్లో ఒకటి నాకు తెలుసు. పడుకున్న లెక్కని లేపే గుర్తు అది. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి ఒకప్పుడు కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టారంటే మీరు నమ్మరు, మా మాస్టార్లయితే అసలే నమ్మరు. టైపు వేగంగా కొడతానని గవర్నర్‌పేటలో ఒక మేడమీది ఆఫీసులో ఇంజనీరుగారు నన్ను పెట్టుకున్నారు. నది మట్టాలూ, చెరువు కట్టల ఎత్తులూ లెక్కగట్టే ఆఫీసది. ఆయన వాడే భాషలో అంకెల వరసనంతా ఒక్క గుర్తుతో ఒకేసారి పోల్చేయొచ్చు. లెక్కని కొటేషన్ల మధ్య పెడితే మాత్రం అప్పుడే జరగదు, లేపేదాకా పడుకుంటుంది. "పడుకునేటప్పుడు పేరుకి ఏ విలువుందో దానికి అక్కర్లేదయ్యా, లేచేటప్పటికి ఏముంటే అదే తీసుకుంటుంది, గుర్తుంచుకో" అన్నారాయన. అయితే అదీ నాలాంటిదేనండీ, పొద్దున చదివింది సాయంత్రానికి ఉండదు అన్నాను. ఆయన నవ్వారు. నేను గుర్తుంచుకోలేదు.

మా అక్కను కృష్ణ మధ్యలో ఉన్న లంకకు ఇచ్చాం. ఆ ఏడు వానల్లో నది ఎర్రగా, పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒడ్డు మార్చుకుంటూ పెరుగుతోంది. చప్పుడు చేసినా బాగుండేది, చప్పుడే లేదు. పైనుంచి ఇంకెంత నీరొస్తుందో ఎవరికీ తెలియదు. ఖాళీ చెయ్యాలా వద్దా అని బావ నన్నడిగాడు, ఆ లంక మొత్తానికి కంప్యూటరున్న బావమరిది ఆయనకొక్కడికే మరి. ఆయన ఇంటి అరుగు ఎత్తుకి ఇంగ్లీషు అక్షరాల్లో బావ అని పేరు పెట్టి, సాయంత్రం వచ్చే మట్టాలు ఆ ఎత్తు దాటుతాయా అన్న లెక్కని నిద్రపుచ్చి, టీకి కిందికి దిగాను.

పక్క సీటాయనది మైలవరం. అది మెరక, అక్కడి చెరువు కట్ట మా లంకకన్నా ఎంతో ఎత్తు. మా ఇద్దరి లెక్కలూ ఒకే కంప్యూటర్లో. నేనొచ్చేసరికి అందులోనే ఆ కట్ట ఎత్తుకి తనూ బావ అనే పేరు పెట్టేసి, "నీ ఒక్కడికేనేంటయ్యా బావ? మా బావ మీ బావకన్నా ఎత్తు!" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. నా లెక్క రాసేశానుగా, అందులో ఉన్నది మా బావేలే అనుకున్నాను.

సాయంత్రం లేపితే లెక్క వరసనిండా సున్నాలు పెట్టింది. సున్నా అంటే దాటదని. లంకలో ఫోనున్న కొట్టుకి చేస్తే బావే వచ్చాడు.

"ఏరా, సర్దుకోమంటావా?"

"పడుకో బావా, నీ అరుగు కూడా తడవదు. కంప్యూటరే చెప్పింది."

గేదె కట్టు తెంపుకుంటోందని అక్క మనసొప్పక పిల్లల్ని తీసుకుని చీకటి పడకముందే పడవెక్కి కరకట్టకు చేరింది. బావ నా మాట మీద ఇంట్లోనే ఉన్నాడు. తెల్లారేసరికి అరుగు లేదు. బావా లేడు.

మర్నాడు లెక్క మళ్ళీ చూసుకున్నాను. లేచినప్పుడు బావ అన్న పేరుకి అది తీసుకున్నది మైలవరం కట్ట ఎత్తుని. పక్క సీటాయన తెరవైపు చూశాడు, నావైపు చూడలేదు. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాడు. ఈ సంగతి మీకు తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మబ్బు పట్టకముందే ఫోన్లన్నీ గణగణమంటాయి, ఏ ఊళ్ళో ఎన్ని అడుగులో అరచేతిలో కనిపిస్తుంది, నీళ్ళ సంగతి కనుక్కోడానికి బావమరుదులతో పనిలేదు. మనిషి గొంతు విని ధైర్యంగా పడుకునే కాలం పోయింది. మంచిదే అనుకుంటాను. అక్కిప్పుడు హనుమాన్ జంక్షన్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఈ ముసురుకి కూడా ఫోన్ చేసింది. "ఆ మిషన్లని నమ్మకురా తమ్ముడూ, ఆనాడు నిన్ను కూడా మోసం చేశాయి" అంది.

అవునక్కా, అన్నాను.