రామ్మోహనరావు గారి చిటికెన వేలు

రామ్మోహనరావు గారు తెరిచిన బ్రాకెట్టును మూయకుండా వదిలే మనిషి కాదు. కంప్యూటర్లో అయితే సరే, అది ఆయన ఉద్యోగం. మాటల్లో కూడా అంతే, అదే మా కర్మ. ఒక సంగతి మొదలుపెడితే ఎడమచేతి చిటికెన వేలు మడుస్తారు. మధ్యలో ఇంకో సంగతి గుర్తొస్తే ఉంగరపు వేలు. అందులోంచి మూడోదానిలోకి దిగితే మధ్య వేలు. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరున మడిచిన వేలు ముందు తెరుచుకోవాలి. చిటికెన వేలు లేచేదాకా ఎదుటివాళ్ళకు విడుదల లేదు.

మా కంపెనీ మాదాపూర్‌లో మూడంతస్తుల మేడ. ఒకరు రాసిన ప్రోగ్రాము వ్యాకరణం ప్రకారం ఉందో లేదో చదివి చెప్పే ప్రోగ్రాములు రాయడం మా పని. అందులో తప్పులు వెతికే ఉద్యోగంలో నేను చేరిన మొదటి రోజే ఆయన నన్ను క్యాంటీన్‌లో పట్టుకున్నారు.

"స్వప్న గారూ, ఆ అద్దాల తలుపు చూశారా? దానికి తెలిసినవి రెండే. తెరుచుకుని ఉన్నానా, మూసుకుని ఉన్నానా. లోపలికి ఎంతమంది వెళ్ళారో దానికి తెలీదు. అలాంటి యంత్రం బ్రాకెట్లు సరిచూడలేదండి."

"మరెట్ల సార్?"

"కంచాల దొంతర ఉంటే చాలు. బ్రాకెట్టు తెరిస్తే ఒక కంచం పెట్టాలి, మూస్తే పైది తీయాలి. ఆఖరికి ఒక్క కంచం మిగిలినా ఆ వాక్యం తప్పే."

చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఉదాహరణ కోసం క్యాంటీన్‌లోని కంచాలన్నీ మా టేబుల్ మీదికి చేరాయి. వెనక వరుసలో ఇరవై మంది పప్పు చల్లారిపోతుంటే నిలబడి చూశారు. ఆయన ఉదాహరణ పూర్తిచేసి, చిటికెన వేలు తెరిచాకే వాళ్ళకు అన్నం దొరికింది.

ఆయన భార్య లక్ష్మీదేవి గారు ఒకసారి ఆఫీసుకు వచ్చినప్పుడు చెప్పారు. తెనాలిలో పెళ్ళిచూపుల నాడు ఆయన "మీకు సంగీతం" అనగానే ఎవరో కాఫీలు తెచ్చారట. మాట ఆగిపోయింది. రెండు నెలల తర్వాత పెళ్ళి. మూడో ముడి వేస్తూ చెవిలో "వచ్చా?" అన్నారట.

"నేను రాదన్నానమ్మా. అప్పుడు కదా వేలు తెరిచారు. ఫోటోలో చూడు, మంగళసూత్రం తొమ్మిది వేళ్ళతో కట్టారు" అన్నారావిడ.

ఇలాంటి మనిషికి మా గేటు దగ్గర పగటి కాపలా కాసే ఓదెలుతో స్నేహం కుదరడంలో వింత లేదు. ఓదెలుది పెద్దపల్లి దగ్గరి పల్లె. కథలు బాగా చెబుతాడు, చెప్పిన కథ మధ్యలో వదలడు. రోజూ సాయంత్రం గేటు దగ్గర ఆగి ఒక కథ వినకుండా రామ్మోహనరావు గారు ఇంటికి వెళ్ళేవారు కాదు.

అది 2011 సెప్టెంబరు. సకల జనుల సమ్మె రేపో మాపో అన్నట్టుంది. మా క్యాంటీన్ అప్పటికే రెండు టేబుళ్ళుగా విడిపోయింది. ప్రత్యేక రాష్ట్రం టేబుల్‌కు నార్సింగి ఓంకార్ పెద్ద. సమైక్యం టేబుల్‌కు కృష్ణప్రియ. అంతకుముందు ఒకే డబ్బాలో తిన్నవాళ్ళు ఇప్పుడు ఉప్పు కూడా మూడో మనిషిని అడిగి తెప్పించుకుంటున్నారు. ఆ మూడో మనిషిని నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

ఒక శుక్రవారం సాయంత్రం ఓదెలు కథ ఎత్తుకున్నాడు. నేనూ ఆగి విన్నాను.

"మా మామ పుల్లయ్య మేకను అంగడికి తీస్కపోతుండు సారు. బస్సు ఎక్కించిండు. కండక్టరు మేకకు గూడ టికెట్ కొట్టిండు. మామ రెండు టికెట్లు చేతుల వట్టుకొని కూసున్నడు. గింతల మేక ఆ రెండు టికెట్లు నమిలి మింగింది. అప్పుడే చెకింగాయన బస్సెక్కిండు..."

నా లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కు టైమైంది. హఫీజ్‌పేట్ దాకా మేక సంగతి ఆలోచించుకుంటూ వెళ్ళాను.

సోమవారం వచ్చి చూస్తే ఓదెలు కుర్చీలో రామ్మోహనరావు గారు. నెత్తిన ఓదెలు టోపీ, ఒళ్ళో ల్యాప్‌టాప్. ఎడమ చిటికెన వేలు మడిచి ఉంది.

"ఏంది సార్ గిట్ల కూసున్నరు?"

"మీరటు వెళ్ళగానే ఓదెలుకు ఫోన్ వచ్చిందండి. అతని భార్య చంద్రమ్మకు నొప్పులట. కథ మధ్యలోనే వదిలి ఊరికి పరుగెత్తాడు. అతను రాకపోతే మేక ఏమైందో ఎవరు చెబుతారు?"

"ఫోన్ల అడుగుండ్రి."

"చెల్లదండి. ఏ గేటు దగ్గర తెరిచామో ఆ గేటు దగ్గరే మూయాలి."

పది గంటలకు కాపలావాళ్ళ ఏజెన్సీ సూపర్‌వైజర్ బాలనర్సయ్య వచ్చాడు. కుర్చీ రెండు రోజులు ఖాళీగా ఉంటే మూడో రోజు కొత్త మనిషిని పెట్టడం అతని పద్ధతి.

"సార్, మీరు పెద్ద ఇంజినీరు. గీ కుర్చీల కూసుంటే నాకు మాటొస్తది" అన్నాడు.

"మీ అగ్రిమెంటు చూపించండి."

చూపించాడు. గేటు వద్ద పగలంతా ఒక మనిషి ఉండవలెను అని ఉంది.

"ఒక మనిషి ఉండాలన్నారు. ఏ మనిషో అనలేదండి. నేను మనిషినే కదా?"

"మనిషే సార్."

"కాదని నిరూపిస్తే లేస్తాను."

బాలనర్సయ్య తల గోక్కుంటూ వెళ్ళాడు. మర్నాడు వచ్చి, "ఇంట్ల మా ఆమెను గూడ అడిగిన సార్. మీరు మనిషే అన్నది" అని ఒప్పుకున్నాడు.

ఈలోగా సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఓదెలుకు ఆడపిల్ల పుట్టింది కానీ చంద్రమ్మకు కరీంనగర్ దవాఖానలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, కుట్లు మానడం లేదు. ఓదెలు నాకు ఫోన్ చేశాడు.

"మేడం, నేను లేకుంటే ఈమెను చూసేటోల్లు లేరు. బాలనర్సయ్య సారుకు జర చెప్పుండ్రి. గీ నౌకరి పోతే మల్ల దొరకది."

నాకు దిగులు పట్టుకుంది. రామ్మోహనరావు గారికి మాత్రం మేక బెంగ తప్ప ఇంకొకటి ఉన్నట్టు కనబడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది.

కుర్చీలో ఆయన చేసిన కాపలా సామాన్యమైంది కాదు. బండి లోపలికి వస్తే బ్రాకెట్టు తెరిచినట్టు, బయటికి పోతే మూసినట్టు. ఎవరైనా స్కూటర్ ఇక్కడే వదిలి ఆటోలో ఇంటికి పోతే ఫోన్ చేసి, "మీరింకా మూసుకోలేదండి" అనేవారు. వాళ్ళు మళ్ళీ ఆటోలో వచ్చి స్కూటర్ తీసుకుపోయేవారు. మా మేనేజరు ఆయనతో మీటింగులు గేటు దగ్గరే, ఎండలో నిలబడి పెట్టుకున్నాడు. కుర్చీ ఒకటే ఉంది మరి.

ఆ మడిచిన వేలు రెండు టేబుళ్ళ మీదా పెద్ద చర్చ అయింది.

"సారు మనోడే. విడిపోయి గూడ బతకొచ్చని వేలు వేరుగ పెట్టి చూపెడుతుండు" అన్నాడు ఓంకార్.

"విడిపోలేదు, మడుచుకుంది. వేళ్ళన్నీ ఒకే చేతివని చెబుతున్నారు" అంది కృష్ణప్రియ.

ఆయన్నే అడిగితే, "మేక ఏమైందో తెలియాలండి" అన్నారు. దాంతో మేక కథ రెండు టేబుళ్ళకూ పాకింది. చెకింగాయన జరిమానా వేశాడని ఓంకార్. టికెట్ మేకలో ఉంది, మేక బస్సులో ఉంది, కాబట్టి టికెట్ బస్సులోనే ఉంది, జరిమానా చెల్లదని కృష్ణప్రియ. ఈ వాదన కోసం వాళ్ళు మళ్ళీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాకు ఉప్పు మోసే పని తప్పింది.

మూడు వారాలు గడిచాక బాలనర్సయ్య యూనిఫాం వేసుకున్న ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఈయన కిష్టయ్య. మా పెద్దాఫీసు ఆర్డరు సార్. ఇగ నా చేతుల లేదు. రేపటిసంది ఈయననే కూసుంటడు."

రామ్మోహనరావు గారి మొహం పాలిపోయింది. చిన్న గొంతుతో, "కిష్టయ్య గారూ, మేక ఏమైందో మీకు తెలుసా?" అని అడిగారు.

"ఏ మేక సార్?" అన్నాడు కిష్టయ్య.

అప్పటికే మెట్లమీద సగం ఆఫీసు నిలబడి ఉంది.

"గీయనకు తెల్వదు. ఓదెలు రావాలె" అన్నాడు ఓంకార్.

"అవునండీ, ఓదెలే రావాలి" అంది కృష్ణప్రియ. ఆ నెలలో ఇద్దరూ ఒకే మాట అనడం అదే మొదటిసారి.

నలభై మంది సంతకాలు పెట్టిన కాగితం ఒకటి బాలనర్సయ్య జేబులో పడింది. అతను చదువుకుని, "సోమవారం దాక చూస్త. ఆపైన నన్ను అనొద్దు" అన్నాడు.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు కిష్టయ్య వచ్చాడు. తొమ్మిదికి బాలనర్సయ్య వచ్చాడు. రామ్మోహనరావు గారు కుర్చీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. తొమ్మిదీ పదికి రోడ్డు మలుపులో దుమ్ము కొట్టుకుపోయిన మనిషి ఒకడు కనిపించాడు. ఇసుక లారీలో శామీర్‌పేట దాకా వచ్చి, అక్కడినుంచి కొంత ఆటోలో, కొంత నడిచి వచ్చాడట ఓదెలు. నా గుండెల మీంచి బరువు దిగింది. బాలనర్సయ్య కూడా అమ్మయ్య అనుకున్నాడని నా అనుమానం, ఎందుకంటే కిష్టయ్యకు ఇంకో గేటు చూపిస్తానని తనే ముందు అన్నాడు.

"కుట్లు మానినయి సారు. తల్లి మంచిగుంది, పిల్ల మంచిగుంది" అన్నాడు ఓదెలు.

రామ్మోహనరావు గారు లేచి టోపీ అతని నెత్తిన పెట్టారు. కానీ మమ్మల్ని ఆపేదెవరు? రెండు టేబుళ్ళూ గేటు చుట్టూ మూగాయి.

"చెకింగాయన ఎక్కినంక ఏమైంది ఓదెలన్నా?" అన్నాడు ఓంకార్.

ఓదెలు మా అందరినీ వింతగా చూశాడు. "టికెట్లు రెండు మేక దగ్గరున్నయని రాసుకొని దిగిపాయె. గదే కథ. ఆ దినమే జెప్పిన గద సారుకు. కథ అయినంకనే ఫోనొచ్చింది."

అందరం రామ్మోహనరావు గారి వైపు తిరిగాం. ఆయన ఎదుటి మేడ ఎన్ని అంతస్తులో లెక్కపెడుతున్నారు.

"సారు దినాం ఫోన్ చేసిండు. కుట్లు మానినంకనే రా, కుర్చీ ఏడికీ పోదన్నడు. మీకు జెప్పలేదా?" అన్నాడు ఓదెలు.

చెప్పలేదు. ఎప్పుడో మూసేసిన బ్రాకెట్టుకు మూడు వారాల పైన వేలు మడుచుకుని తిరిగాడీ పెద్దమనిషి. తర్వాత నేను ఆయన్ను ఒంటరిగా దొరకబుచ్చుకుని అడిగాను.

"అబద్ధమెందుకు చెప్పిండ్రు సార్?"

"మంచిపని అంటే రెండు టేబుళ్ళూ చర్చ పెడతాయండి, ఏ ప్రాంతంవాడు ఏ ప్రాంతంవాడికి చేశాడని. ఓదెలు తలెత్తుకోలేడు. పిచ్చి అంటే ఎవరూ ఏమీ అడగరు."

అసలు చిక్కు ఆ ఉదయం గేటు దగ్గరే వచ్చింది. అన్నాళ్ళు మడిచిన వేలు తెరుచుకోలేదు. ఓదెలే ఆ చేయి పట్టుకుని మెటిక విరిచాడు. టప్పుమని వేలు లేచింది. అందరం నవ్వాం. ఆ సంతోషంలో రామ్మోహనరావు గారు మామూలుగా, "పాపకు పేరేం పెట్టారు?" అన్నారు.

"ఇంక పెట్టలేదు సారు. రాష్ట్రం వచ్చినంకనే పెడ్తనని పట్టు బట్టింది మా ఆమె."

చిటికెన వేలు నెమ్మదిగా మళ్ళీ మడుచుకుంది.

ప్రత్యేక రాష్ట్రం కోసం అంత ఆత్రంగా ఎదురుచూసిన తెనాలి మనిషిని నేనైతే ఇంకొకరిని ఎరగను. రెండున్నరేళ్ళు తొమ్మిది వేళ్ళతో ప్రోగ్రాములు రాశారు. పార్లమెంటులో బిల్లు పాసైన రోజు వేలు సగం తెరిచారు. "సంతకాలవీ ఉంటాయి కదండీ" అన్నారు.

2014 జూన్ రెండు దాటిన వారానికి చంద్రమ్మ, ఓదెలు పాపను తీసుకుని సాయంత్రం వేళ గేటు దగ్గరికి వచ్చారు. తెరిచిన చోటే మూయాలి కదా. రామ్మోహనరావు గారు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"నీ పేరేంటమ్మా?"

"అఖిల."

వేలు దానంతటదే లేచింది. పాప ఆ వేలు పట్టుకుంది.

"తాతా, మేక కత జెప్పవా?"

ఆయన రెండో చేతి చిటికెన వేలు మడిచి, "పుల్లయ్య తాత మేకను బస్సెక్కించాడంట" అని మొదలుపెట్టారు. నా రైలు కూత వినబడింది. ఈసారి పరుగెత్తలేదు. కథ అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.