ఓడిపోవడానికో ప్రోగ్రాం

మా బాబాయి కంప్యూటర్ని అడక్కుండా ఏ ఆటా ఆడడు. ఆడితే ఓడడు. ఎదురుగా ఉన్నది పాలపళ్ళు ఊడని పసివాడైనా సరే, జాలీ దయా లేకుండా ఓడించేసి, "నీ మూడో ఎత్తు తప్పురా నాయనా" అని పాఠం కూడా చెబుతాడు.

ఆయన ఉద్యోగం కాలేజీలో లెక్కలు చెప్పడం, జబ్బు ఆటలు. ఏ ఆట కనబడ్డా కంప్యూటర్లో పడేసి, దాన్ని దానితోనే లక్షల సార్లు ఆడించి, ఏ ఎత్తు వేస్తే గెలుపో, ఏ ఎత్తు వేస్తే కొంప మునుగుతుందో తేల్చేస్తాడు. పళ్ళెంలో బిస్కెట్లు పెట్టినా, "మొదట తీసేదెవరు?" అంటాడు.

"ముందు తినండి మహానుభావా!" అంటుంది పిన్ని.

పిన్ని దర్జీ. ఆవిడ కుట్టుకి వంక పెట్టినవాళ్ళు లేరు. అలాంటిది పోయిన ఏడాది చెయ్యి విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు వంగలేదు. "రోజూ చిన్న చిన్న వస్తువులు ఏరాలమ్మా, లేకపోతే ఇక కత్తెర పట్టలేరు" అన్నాడు డాక్టరు. నొప్పికి ఓర్వలేక పిన్ని ఆ ఊసే ఎత్తనిచ్చేది కాదు. మా అందరికీ దిగులు పట్టుకుంది.

ఓరోజు బాబాయి బల్లమీద మూడు కుప్పలుగా బొత్తాలు పోశాడు. "వంతుకి ఒక్క కుప్పలోంచే తియ్యాలి, ఎన్నైనా తియ్యొచ్చు. చివరి బొత్తం తీసినవాళ్ళది గెలుపు. నువ్వు మాత్రం ఎన్ని తీసినా ఆ చేత్తోనే, ఒక్కొక్కటిగా ఏరి తియ్యాలి."

"మీతోనా? ఓడినట్టే!" అంటూనే కూర్చుంది. గెలిచింది! మర్నాడూ గెలిచింది. వారం తిరక్కుండా, "రండి, ఓడిపోదురుగాని" అని ఆవిడే పిలవసాగింది.

నా నోరు ఊరుకోలేదు. "ఏం బాబాయ్, నీ ప్రోగ్రాంలో తప్పు దొర్లిందా?"

అంతే, తోక తొక్కిన తాచులా లేచాడు. "తప్పా? నా ప్రోగ్రాంలోనా? గెలిచే దారి ఏ వెధవైనా కనిపెడతాడ్రా! మీ పిన్ని చేత వీలైనన్ని ఎక్కువ బొత్తాలు తీయించి మరీ ఓడిపోవాలి. దానికెన్ని లక్షల ఆటలు ఆడించానో తెలుసా నీకు?"

అరిచాక నాలిక్కరుచుకున్నాడు. అప్పటికే గుమ్మంలో పిన్ని.

"భలే ప్రోగ్రామే! నిన్న నేను కావాలని ఒకే ఒక్క బొత్తం మిగిలిస్తే, అది తీస్తే గెలుస్తానని భయపడి, 'దాహం' అంటూ పారిపోయిందెవరు?"

బాబాయి తెల్లమొహం వేశాడు. "కావాలని ఓడిపోయేవాళ్ళు కూడా ఉంటారని నేనెలా అనుకుంటానే?"

"సరేలెండి, మీ కోటు ఇటివ్వండి. చిన్నవైతే నా వేళ్ళకి చిక్కవని, దానికున్న పెద్ద బొత్తాలు కూడా కత్తిరించి కుప్పల్లో కలిపేశారు."

కోటు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నేను సూది అందుకోబోతే చెయ్యి తోసేసి, దారం తనే ఎక్కించుకుంది.