గీత మా ఇంటికి వచ్చిన రోజు

గుడియాత్తంలో మా వీధి చివరి ఇల్లు తిరువేంగడం మేస్త్రిది. తొంభై ఆరులో మేము ఆ వీధిలోనే ఇంకో ఇంట్లో అద్దెకు దిగేసరికి పాపకు ఆరో నెల. మా ఆయనకు వేలూరులో పని, శనివారం వచ్చేవాడు. మిగతా రోజులు, గోడకు గోడ ఆనుకున్న ఆ ఇళ్ల మధ్య పలకరించే మనిషి లేక, ఊరి పక్క ఏరు పొంగితే మా దాకా వస్తుందా అన్న భయంతోనే గడిపేదాన్ని.

మేస్త్రి దగ్గర ఒక పటం ఉందని తెలిసి వెళ్లాను. పాత క్యాలెండరు కాగితాలు అతికించి, వెనకవైపు సందు సందునా ఉన్న ఇళ్లన్నీ గీశాడు. మేము రాకముందు ఊరిని ముంచిన పెద్ద వరదలో ఏ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఎర్ర పెన్సిలుతో వేశాడు. చాలా అంకెలు కొట్టేసి ఉన్నాయి.

"అవన్నీ తప్పులమ్మా. రోడ్డు నుంచి కొలిచినా. రోడ్డు మీద రోడ్డు వేస్తా పోతే ఇల్లు పల్లమైపోతుందని నాకు తట్టలా. తర్వాతి వానకు తంగమ్మ జరంతో ఉండాది. మన గడప ఎత్తు, నీళ్లు రావు, పడుకోమని చెప్పి అణైకట్‌ అనే ఊరికి పనికి పోయినా."

తంగమ్మ ఆయన భార్య. ఆయన తిరిగొచ్చేసరికి ఇల్లు మునిగింది, ఆమె లేదు.

ఆ తర్వాత ఆయన రోడ్డును నమ్మలేదు. పాత మిల్లు గోడ మీద పెద్ద వరద వదిలిన చారను ఉలితో చెక్కి, ఆ మట్టాన్నే లెవెల్ ట్యూబుతో గోడ గోడకూ తెస్తున్నాడు. నీళ్లు నింపిన ఆ గొట్టం రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. అయితే కొసకొక మనిషి కావాలి. పనుల్లో రెండో కొస ఎప్పుడూ తంగమ్మే పట్టుకునేది. గీత పడితే అద్దెకు ఎవరూ రారని వీధిలోవాళ్లు దగ్గరికి వచ్చేవాళ్లు కాదు.

"నేను పట్టుకుంటా మేస్త్రీ," అన్నాను.

చంకలో పాపను చూసి నవ్వాడు. "కూలికి ఒక మనిషి చాలంటే ఇద్దరొచ్చినారే!"

పక్కింటి గోడ మీది గీత దగ్గర నేను నిలబడ్డాను. ఆయన రెండో కొసతో మా గదిలోకి వెళ్లాడు.

"నిలిచిందా?" లోపల్నుంచి కేక.

"పాప లాగుతోంది, ఉండండి... ఆఁ, నిలిచింది."

లోపలికి వెళ్లి చూశాను. పెన్సిలు గీత పాప ఉయ్యాల కన్నా జానెడు పైన ఉంది. మళ్లీ కొలవమన్నాను. మూడుసార్లు కొలిచాం. అదే గీత.

"మేడ మీద ఇల్లు చూసుకోమ్మా," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ శనివారం మా ఆయన రాగానే సామాను కట్టేశాం. వేలూరులో రెండో అంతస్తు దొరికింది. బండి కదులుతుంటే ఎదురింటి దగ్గర మేస్త్రి కనిపించాడు. ట్యూబు ఒక కొస కిటికీ కమ్మికి కట్టి ఉంది. రెండో కొస పట్టుకుని అలవాటుగా కేకేశాడు: "నిలిచిందా?"

చేతిలోని కొసను మేకుకు తగిలించి, తనే చూడటానికి నడిచి వెళ్లాడు.